గోడను పలకరించే గుర్రం

బ్రోక్‌డాల్ గుర్రపుశాల, హోల్‌స్టైన్, జర్మనీ
1984 ఫిబ్రవరి 11

ఫెస్టస్ మామయ్యకి,

చేరాం. నేనూ, మన గుర్రం పోస్టమ్మా. ఓడలో నాకు మూడుసార్లు వాంతులయ్యాయి. గుర్రాలకి వాంతి రాదని నువ్వు చెప్పింది నిజమే. అది నన్ను జాలిగా చూస్తూ ఎండుగడ్డి నములుతూనే ఉంది.

ఇక్కడ నేలలో రాయన్నది లేదు మామయ్యా. గోడ కట్టాలంటే రాయి కొనుక్కోవాలట! ఈ మాట మన పక్కపొలం కోల్మన్‌తో చెప్పకు, రేపే తన పొలం మూటగట్టి అమ్మకానికి తెస్తాడు.

ఈ శాల యజమాని, పెద్దాయన డెట్లెఫ్‌సెన్ పొడుగ్గా ఉంటాడు. గట్టిగా మాట్లాడడు. శాలలో నలభై గుర్రాలున్నాయి, ఆయన వస్తున్నాడంటే నలభై తలలూ లోపలికి పోతాయి. రాగానే మన గుర్రానికి పేరు మార్చేశాడు. "పోస్టమ్మ ఏమిటి, జనం నవ్వుతారు. డయానా" అన్నాడు. కానీ ఈ దేశం పుస్తకాల్లో అప్పటికే ఆరు డయానాలు ఉన్నాయట. అందుకని మనది డయానా 7. రైలు ప్లాట్‌ఫారానికి నంబరు పెట్టినట్టు.

మొదటిరోజే పెద్దాయన ముందు దూకించాను. ఎనిమిది అడ్డకర్రల మీదుగానూ తేలిగ్గా వెళ్లింది. వెళుతూ ఎనిమిదింటినీ వెనకగిట్టలతో తట్టింది. ఐదు కింద పడ్డాయి. "అమ్మాయ్, నీ గుర్రం దూకుతోందా, తలుపు తడుతోందా?" అన్నాడు పెద్దాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత దాని గదిలోకెళ్లి, మెడలో మొహం పెట్టుకుని ఏడ్చాను. అది నా జేబులో క్యారెట్ కోసం వెతుక్కుంది.

ఉత్తరం రాయి. పెద్దది.

నీ మేనకోడలు
డెర్వ్లా


కార్రాబాన్, గాల్వే
మార్చి 2

డెర్వ్లా తల్లీ,

పేరు మార్చారని మన ఊరి పోస్టాఫీసులో అసలు పోస్టమ్మతో చెప్పాను. స్టాంపులు లెక్కపెడుతున్నదల్లా ఆగి, "ఇరవై ఏళ్లుగా ఊళ్లో ఉత్తరాలన్నీ నేనే చూస్తున్నాను, నా పేరు పెట్టుకున్న గుర్రం సంగతి నాకు ఆఖర్న తెలుస్తుందా?" అని కోప్పడింది. ఆ గుర్రం పిల్లగా ఉన్నప్పుడు గోడ మీదనుంచి తల పెట్టి ఊరందరి వ్యవహారాలూ చూసేది, అందుకే ఆవిడ పేరు పెట్టానని ఆవిడకి ఇప్పటికీ తెలీదు. తనంటే గౌరవం అనుకుంటోంది. అనుకోనీ.

ఇక ఆ తట్టడం. అది నా తప్పు తల్లీ. మన గోడలు నీకు తెలియనివా? ఇవతలినుంచి నాలుగడుగులు, అవతల ఏముందో దేవుడికే తెలియాలి. ఒకచోట గుంట, ఒకచోట కోల్మన్ గొర్రె, ఒకచోట కోల్మనే. అందుకని పైరాయికి వెనకగిట్టలు తాటించి, చూసుకుని, నెట్టుకుని దిగమని నేర్పాను. గోడను పలకరించి దాటాలి అనేవాడు మా నాన్న. పలకరించని గుర్రాలన్నీ గుంటల్లో పడ్డాయి. ఆ కర్రలు పలకరిస్తే పడిపోయేంత సుకుమారమైనవని నాకేం తెలుసు?

ఓపిక పట్టు. నాలుగేళ్లపాటు నేర్చింది నాలుగు వారాల్లో మర్చిపోదు. మనుషులైతే మర్చిపోతారు.

కింది పొలంలో నీళ్లు ఇంకా దిగలేదు. ఈ ఏడు నేలలోంచి ఊరిన నీరు గోడ సగానికొచ్చింది. పశువులన్నీ పై పొలంలోనే ఉన్నాయి. గోడలో దారి కోసం వదిలిన గండికి అడ్డకర్ర పెట్టేసి ఉంచాను. పోస్టమ్మ ఉంటే అడ్డకర్ర తీసేదాకా ఆగేదా? దూకేసి, వెనక్కి తిరిగి "ఏమిటింత ఆలస్యం" అన్నట్టు చూసేది.

మీ అమ్మ బాగానే ఉంది. వారానికోసారి వచ్చి, నిన్ను పంపినందుకు నన్ను తిట్టి, టీ తాగి వెళుతోంది.

మామయ్య


బ్రోక్‌డాల్
ఏప్రిల్ 8

మామయ్యా,

నాలుగు వారాలు కాదు, ఎనిమిదయ్యాయి. కర్ర పడితే నాలుగు తప్పులు. మొన్నటి పోటీలో మాకు ఇరవై నాలుగు. మైకులో చెప్పేవాడు ఆ అంకె రెండుసార్లు చదివాడు.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. గుర్రం దూకుతూ గాల్లో ఉండగా ఇద్దరు చెరో కొసా పట్టుకుని వెదురుకర్రని చటుక్కున ఎత్తుతారు. కాలి ఎముకకి తగులుతుంది. ఈసారి ఇంకా ఎత్తుకి ఎగరాలని దానికి తెలుస్తుందట. కొట్టడం అనకూడదట. 'గుర్తుచెయ్యడం' అనాలి. నేను పైన కూర్చుంటాను, చూడక్కర్లేదు. దాని చెవుల మధ్యనుంచి ముందుకే చూస్తాను.

పోస్టమ్మకి అదేం లెక్కలో లేదు. రాళ్ల గోడలతో పెరిగిందిగా. వెదురు తగిలితే "ఓ, నువ్వా" అన్నట్టు ఒక చెవి తిప్పి వెళ్లిపోతుంది.

నిన్న పెద్దాయన పిలిచాడు. కూర్చోమనలేదు. "పెంతెకోస్తు పండక్కి ఎల్మ్‌స్టెడ్‌లో పోటీ. ఒక్క కర్రా పడకూడదు. పడితే నీకు రైలు, దానికి లారీ." ఆ లారీ ఎక్కడికి వెళుతుందని నాతో పనిచేసే వీబ్కేని అడిగాను. "నువ్వు సాసేజ్ తింటావా?" అంది.

అమ్మ బేకన్ ఫ్యాక్టరీలో నా పేరు ఇచ్చి ఉంచిందని తెలుసు. మామయ్యా, నేను పందుల పేగులు కడగలేను. దాన్ని లారీ ఎక్కించనూ లేను. ఏదైనా చెప్పు. గుర్రాల గురించి నీకు తెలియనిది లేదు.

డెర్వ్లా


కార్రాబాన్
ఏప్రిల్ 17

డెర్వ్లా తల్లీ,

నాకు తెలియనివి చాలా ఉన్నాయి. జర్మన్ భాష, ఆదాయపు పన్ను, మీ అమ్మ. గుర్రాలంటావా, కొంచెం.

నువ్వు దిగులుపడుతుంటే నాకు టీ దిగడం లేదు. నవ్వించడానికి ఒక కథ చెబుతాను. మా నాన్నకి బూడిదరంగు గుర్రం ఒకటి ఉండేది. నీ దానికన్నా బద్ధకం. గోడని పలకరించడం కాదు, దాని మీద కాసేపు కూర్చుని కబుర్లు చెప్పి దిగేది. సంతలో దూకుడు పందెం ఉంది. నాన్న ఏం చేశాడో తెలుసా? కంచె కింద ఉండ చుట్టుకుని పడుకునే ముళ్లపంది ఉంటుందే, గుప్పెడంత, దాన్ని చంపి తోలు ఒలిచి, ముళ్లు పైకి ఉండేట్టు అడ్డకర్రకి మేకులు కొట్టాడు. గుర్రం దాని మీదుగా వెళుతుంటే కర్ర ఎత్తాలి. ఒక్కసారి తగిలింది చూడు! చర్చి గోపురం మీద కోడిపుంజు బొమ్మకి కూడా దడుపు జ్వరం వచ్చేంత ఎత్తుకెగిరింది. ఆ ఏడాది సంతలో అంత ఎత్తు ఇంకెవరి గుర్రమూ దాటలేదు. పాదిరిగారు కూడా నాన్నతో చెయ్యి కలిపారు.

ఆ తర్వాత ఏమైందంటే, టీ చల్లారిపోతోంది, ఇక ఆపుతాను.

నవ్వావా లేదా?

మామయ్య


బ్రోక్‌డాల్
ఏప్రిల్ 26

మామయ్యా,

నవ్వాను. నీ గడ్డివామి చావిట్లో, దూలం మీద ముళ్లుముళ్లుగా ఏదో వేలాడుతుండేది, నేను చిన్నప్పుడు బ్రష్ అనుకునేదాన్ని. అదేనా? ఇంకా ఉందా?

పంపు. చూపిస్తాను అంతే. వాసన చూస్తే చాలేమో. ఇంక ఆరు వారాలే ఉంది.

డె.


కార్రాబాన్
మే 4

తల్లీ,

అదే. ఉంది. తీశాను. ముప్ఫై ఏళ్ల బూజు దులిపితే నాకన్నా ఆరోగ్యంగా కనబడింది.

పంపకూడదని రెండురోజులు అనుకున్నాను. మూడోరోజు లారీ గుర్తొచ్చింది. బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. అసలు పోస్టమ్మ డబ్బా ఊపి చూసి, "ఇవేం బిస్కెట్లు ఫెస్టస్, బరబరమంటున్నాయి?" అంది. "మా చెల్లెలు చేసింది" అన్నాను. నమ్మేసింది.

చూపించు, చాలు. తగలనివ్వకు.

మామయ్య


ఎల్మ్‌స్టెడ్
జూన్ 11

మామయ్యా మామయ్యా!

ఒక్క కర్ర పడలేదు! రెండు చుట్లు! మూడోది గడియారంతో పోటీ, అందులోనూ పడలేదు. ముప్ఫై ఒక్క గుర్రాల్లో మొదటిది డయానా 7, స్వారీ డెర్వ్లా. నా పేరు మైకువాడు ముక్కలుముక్కలు చేశాడు, ఫరవాలేదు. పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. వీబ్కే అంటోంది, ఆయన అలా ఎవరి మీదా చెయ్యి వెయ్యడం తను తొమ్మిదేళ్లలో చూడలేదని.

అది ఎలా ఎగురుతోందో నువ్వు చూడాలి. కర్రకీ దాని కాళ్లకీ మధ్యనుంచి కోడి ఎగిరిపోవచ్చు. పలకరింపులు లేవు ఇప్పుడు. కళ్లు మాత్రం కొంచెం తెల్లగా తిప్పుతోంది, ఉత్సాహం.

నీ డబ్బాకి వెయ్యి దండాలు. ఒకటే ఇబ్బంది, పట్టుకునేటప్పుడు చేతులకి తొడుగులు వేసుకోవాలి. మొదటిరోజు నేను వేసుకోలేదు, అరచేతులు చిల్లులు పడిపోయాయి.

ఛాంపియన్
డెర్వ్లా


కార్రాబాన్
జూన్ 20

డెర్వ్లా,

సంతోషం. మీ అమ్మ ఊరంతా చెప్పింది. చెప్పని ఇళ్లకి పోస్టమ్మ చెప్పింది.

ఒక సంగతి అర్థం కాలేదు. కర్ర పట్టుకున్నది నువ్వైతే, గుర్రం మీద ఎవరున్నారు?

మామయ్య


బ్రోక్‌డాల్
జూలై 9

మామయ్యా,

వీబ్కే. అందులో ఏముంది? పైన ఎవరైనా కూర్చోవచ్చు. కింద పట్టుకునేవాళ్లకే సరిగ్గా తెలియాలి, కాలు ఎప్పుడు వస్తుందో. పోస్టమ్మ కాలు నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? వేరేవాళ్లయితే ఆలస్యంగా ఎత్తుతారు, రెండోసారి కొట్టాల్సి వస్తుంది. నేనైతే ఒకసారితో సరి. అదీ దాని మీద ప్రేమే.

ఆగస్టులో డబ్లిన్ పోటీలకి వస్తున్నాం. నువ్వు రా. మంచి కోటు వేసుకుని రా.

డె.


కార్రాబాన్
ఆగస్టు 15

డెర్వ్లా,

డబ్లిన్‌లో మాట్లాడదామంటే నీ చుట్టూ ఫోటోలవాళ్లు. అందుకని రాస్తున్నాను.

బాగా స్వారీ చేశావు. కప్పు అందుకున్నప్పుడు నా పక్కనున్నావిడ, "ఎవరి పిల్లో, రాయిలా కూర్చుంది" అంది. మాదే అని చెప్పలేదు.

తర్వాత దాని గది దగ్గరికి వచ్చాను. "పోస్టమ్మా" అని పిలిచాను. చెవులు లేచాయి. రెండడుగులు వేసి నా కోటు వాసన చూసింది. నాలుగేళ్లూ నా చేత్తోనే తిందిగా. అప్పుడు నువ్వు వచ్చావు. "కాలికి ఆ పట్టీ ఏమిటి?" అని నేను చేతికర్రతో చూపించాను. అంతే. కర్ర లేవగానే అది వెనకగోడకి గుద్దుకుంది. చెక్క విరిగింది. వణుకుతోంది, చెమటలు. నువ్వు వాచీ చూసుకుంటూ, "కర్ర కింద పెట్టు మామయ్యా, అదే సర్దుకుంటుంది" అన్నావు.

ఏప్రిల్లో ఒక కథ చెప్పి టీ చల్లారుతోందని ఆపాను. టీ చల్లారలేదు. ఆ బూడిదరంగు గుర్రం సంతలో గెలిచింది, ఆ మాట నిజం. ఆ చలికాలంనుంచి అది కర్రన్నది ఎక్కడున్నా దాటలేదు. చావిడి గుమ్మంలో చీపురు ఆనించి ఉంటే బయటికి రాలేదు. బండి కాడి చూస్తే పడిపోయేది. క్రిస్మస్ ముందు నాన్న తుపాకీ తీసుకెళ్లాడు. ఆ ముళ్లకర్ర రెండో కొస పట్టుకున్నది నేను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పసివాణ్ణని తప్పించుకునే వీల్లేదు. నేను కూడా సరిగ్గా ఎత్తేవాణ్ణి. నాన్న మెచ్చుకునేవాడు.

ఈ ముక్క చెప్పకుండా ఆ ముక్క నవ్వుతూ చెప్పాను. తోలు నిప్పుల్లో వెయ్యి తల్లీ. ఇప్పటికే ఆలస్యం అయిందేమో. అయినా వెయ్యి.

మామయ్య


బ్రోక్‌డాల్
అక్టోబరు 21

ప్రియమైన మామయ్యా,

పనుల ఒత్తిడిలో నీ ఉత్తరానికి జవాబివ్వలేదు. ఇప్పుడు కొత్త గుర్రం ఇచ్చారు, కారాట్ 3, ఎర్రది, మంచి వంశం. వచ్చే ఏడాది దేశం జట్టుకి నన్ను చూస్తారంటున్నారు.

డయానా 7 ఆగిపోవడం మొదలుపెట్టింది. సెప్టెంబరులో మూడు పోటీల్లో మొదటి కర్ర ముందే నిలబడిపోయింది. కొరడాకీ కదల్లేదు. పెద్దాయన లారీ పిలిచాడు. నేను బతిమాలి నీకు పంపిస్తున్నాను. వచ్చే శుక్రవారం ఓడ దిగుతుంది. దాన్ని బతికించింది నేనే అన్న సంగతి గుర్తుంచుకో. తోలు తోలు అని అంత పెద్ద ఉత్తరం రాశావు గానీ, ఆ తోలు లేకపోతే జూన్ నెలలోనే అది సాసేజ్ అయ్యేది.

ఇట్లు
డెర్వ్లా


కార్రాబాన్
నవంబరు 18

డెర్వ్లా,

దిగింది. తింటోంది. ఆ మాట నిజమే, బతికించావు.

వెనకకాళ్ల మీద వెంట్రుక మొలవని చోట్లు పద్నాలుగు లెక్కపెట్టాను. చీపురు, పార, చేతికర్ర, అన్నీ దాచేశాను. ఇల్లు ఊడ్చడం లేదు. మీ అమ్మ వచ్చి, "ఇది ఇల్లా, చావిడా?" అంది. "అద్దెకున్నవాళ్ల ఇష్టం" అన్నాను.

కింది పొలం గండి దాటించడానికి రెండురోజులు పట్టింది. అడ్డకర్ర తీసి నేలమీద పడేశాను, అయినా దాటదు. ఎత్తుకెళ్లి చావిట్లో పెట్టి, ఆ చోట మట్టి చల్లాను. అప్పుడు వచ్చింది. వేళ్ల మీద నడుచుకుంటూ, దొంగలాగా. ఒకప్పుడు ఇదే గోడని పలకరించి దూకేది.

నిన్న మాత్రం నా టోపీ తీసుకుని పారిపోయింది. నవ్వొచ్చింది. చాలారోజులకి.

మామయ్య


బ్రోక్‌డాల్
1985 జనవరి 14

మామయ్యా,

జట్టులోకి తీసుకున్నారు! పందొమ్మిదేళ్లకి, ఈ శాల నుంచి నేనే మొదటిదాన్ని. పేపర్లో ఫోటో పంపుతున్నాను, అమ్మకి ఇవ్వు.

చిన్న సాయం. కారాట్‌కి వెనకకాళ్ల బద్ధకం, మొదట్లో పోస్టమ్మలాగే. ఆ తోలు అరిగిపోయింది, ముళ్లన్నీ రాలిపోయాయి. ఇక్కడ చలికాలం ముళ్లపందులు బయటికి రావు. మన గోడల కింద నీకు దొరుకుతుంది, నీకు చోట్లు తెలుసు. ఇంకోటి చేసి పంపు. పోయినసారిలాగే బిస్కెట్ల డబ్బాలో. మార్చిలో మొదటి పోటీ.

ముద్దులతో
డెర్వ్లా

(పోస్టమ్మ ఎలా ఉంది?)


కార్రాబాన్
జనవరి 24

డెర్వ్లా,

ఎలా ఉందని బ్రాకెట్లో అడిగావు. బ్రాకెట్ బయట చెబుతాను.

ఈ నెల ఎనిమిదిన కోల్మన్ దూడలు గండిలోంచి మన కింది పొలంలో పడ్డాయి. వాటిని తోలేసి, మళ్లీ రాకుండా అడ్డకర్ర తెచ్చి పెట్టాను. పోస్టమ్మ కింది పొలంలోనే అవతలి చివర మేస్తోంది. సాయంత్రం అది వచ్చేలోపు తీసేద్దామనుకున్నాను. మధ్యాహ్నానికే నీళ్లు ఊరడం మొదలయ్యాయి. మూడురోజులుగా కొండల్లో వాన. ఎప్పుడూ వారంపాటు ఎక్కేది, గంటలో ఎక్కింది.

అది గండి దగ్గరికే వచ్చి నిలబడింది. మోకాళ్ల లోతు నీళ్లు. మూడడుగుల గోడ, పక్కనే. ఒకప్పుడైతే గాలాడినట్టు దాటేది. కర్ర చూస్తూ నిలబడింది.

నేను పరిగెత్తుకెళ్లి కర్ర తీశాను.

గోడ పడగొట్టాల్సింది. ఉత్త రాళ్ల పేర్పు, మూడు తన్నులు తంతే పడేది. నలభై ఏళ్లుగా ఆ గండి తియ్యాలంటే నేను చేసే పని ఒకటే, వంగి కర్ర ఎత్తడం. చెయ్యి ముందెళ్లింది, బుర్ర తర్వాతొచ్చింది. కర్ర నా చేతుల్లో లేవగానే అది వెనక్కి తిరిగింది. "పోస్టమ్మా, నేనే" అని అరిచాను. కర్ర పారేశాను. పారెయ్యాలన్నా ముందు ఎత్తాలి కదా. అది ఇంకా వెనక్కి వెళ్లింది. నీళ్లు ఊరే బొరియ ఉంటుందే, దాన్లో వెనకకాళ్లు రెండూ దిగబడ్డాయి. ఒకటి విరిగిన చప్పుడు గట్టుమీదికి వినబడింది.

కోల్మన్ ట్రాక్టరూ తాడూ తెచ్చేసరికి తలొకటే పైన ఉంది. చెవులు నా వైపే ఉన్నాయి. ఈది దగ్గరికెళ్లి తల పట్టుకున్నాను. నా చేతులు ఖాళీగా ఉన్నాయని చూసింది, అప్పుడు రానిచ్చింది. కోల్మన్ తుపాకీ తెచ్చాడు. పొడుగ్గా ఉంటుందిగా, దాన్ని కూడా కర్ర అనుకుంది.

ఇంక ముళ్లపంది. దొరికింది. ఆ గండి పక్కనే, గోడ కింద, ఆకుల్లో ఉండ చుట్టుకుని నిద్రపోతోంది. దాని మీద ఇంకో రెండు దోసిళ్ల ఆకులు కప్పి వచ్చాను.

ఫెస్టస్


బ్రోక్‌డాల్, పోస్టుకార్డు
ఫిబ్రవరి 5

మామయ్యా,

పోస్టమ్మ సంగతి విని చాలా బాధపడ్డాను. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. నువ్వు మనసు కష్టపెట్టుకోకు, నీ తప్పేం లేదు.

ముళ్లపంది గురించి శ్రమపడొద్దు. ఈ చలిలో కూడా వీబ్కేకి రోడ్డు మీద లారీ కింద పడినది ఒకటి దొరికింది. ఒకవైపు నలిగింది గానీ వీపు బాగానే ఉంది. ఒలిచేశాం. ఆరబెట్టడం ఎలాగో ఇక్కడ ఎవరికీ తెలీదు. తాతయ్య తోలుకి ఏం పూసేవాడో వెంటనే రాయి, మార్చి దగ్గరపడుతోంది.

ఉప్పా, బూడిదా?

డె.